దెబ్బ తగలొద్దన్న హోళీ

మా తమ్మునికి వచ్చిన జబ్బు పేరు ఇప్పటికీ మా ఊర్ల ఒక్కనికి నోరు తిరగదు. ఇన్‌ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్. నేను మాత్రం ఆ ఏడాది బస్సుల కూసున్నా, కాంటా కాడ నిలబడ్డా, తానం చేస్తున్నా ఆ పేరే పలికి పలికి నేర్చుకున్న. ఇంట్ల ఎవరన్న ఏం రోగమట అని అడిగితె గడగడ చెప్పాలె, పేరు పెద్దగుంటెనన్న జర భయపడతరని నా ఆశ. ఎవ్వరు భయపడలే. మా బాపు అయితె, గంత పొడుగు పేరున్న రోగం మనసొంటోళ్లకు రాదు తియ్యి అన్నడు. నాకు ఒళ్లు మండింది. ఆ రెండు నెలలు నాకు ఒళ్లు మండుతనే ఉండె.

మాది బోధన్ అవతల, మంజీర దిక్కు ఊరు. తొంభైల మొదటి సంగతి ఇది. ఎటు చూసినా చెరుకే. బాపుకు మూడెకరాల చెరుకు, మమ్ముల కన్న అవ్వకు బీడీలు చుట్టే చేట. నేను ఇంటరు తప్పి, ఫ్యాక్టరీల క్రషింగ్ నడిచినన్ని దినాలు చెరుకు బండ్లు తూకం వేసే కాంటా కాడ పని చేసేటోన్ని. తమ్ముడు నాకంటె అయిదేండ్లు చిన్న. పందొమ్మిదేండ్లు. బోధన్ కాలేజీల డిగ్రీ మొదటి సంవత్సరం. మా ఇంట్ల డిగ్రీ గడప తొక్కింది వాడొక్కడే, అందుకని వాడంటె నాకు పానం. పానం అన్న మాట వాని ముందు ఒక్కనాడు అనలే, తిట్టుడే ఎక్కువ.

జనవరి ఆఖర్ల వానికి జరం పట్టింది. పొద్దంత బాగనే ఉండేది, పొద్దు గూకంగనే ఒళ్లు కాలేది. గొంతు నొప్పి, ఉమ్మి మింగరాదు. మెడకు రెండు దిక్కుల బిళ్లలు కట్టి, మొఖం ఉబ్బి, కండ్ల రెప్పలు నిద్ర చాలనోని లెక్క వాచినయి. మా ఊరి ఆర్‌ఎంపీ బ్యాటరీ లైటు కొట్టి నోట్లకు చూసి, గొంతుల తెల్లగ పూసింది, టాన్సిల్సే అని ఎర్ర నల్ల క్యాప్సూళ్లు ఇచ్చిండు. ఆంపిసిలిన్ అంటరు, ఆ కాలంల దేనికైనా అదే. అయిదారు రోజులు మింగిండు. గొంతు తగ్గలే సరికదా, ఛాతి, వీపు, చేతులు అంత ఎర్రగ దద్దు లేసింది.

అవ్వ చూసింది, చేట పక్కకు పెట్టింది, దండం పెట్టింది. అమ్మతల్లి పోసిందన్నది. ఇగ ఆమె మాటకు తిరుగు లేదు. గడపకు యాపకొమ్మలు కట్టింది, మందులన్ని తీసి దూలం మీద పెట్టింది, బయటోళ్లు లోపలికి రావద్దన్నది, వానికి చప్పటి సల్లబువ్వ తప్ప ఏం పెట్టలే. తొమ్మిది దినాలు గట్లనే నడిచింది. నిజం చెప్పాలంటె ఆ దద్దు అమ్మతల్లి కాదు, ఆ క్యాప్సూళ్లే. ఈ జబ్బు ఉన్నోడు ఆంపిసిలిన్ మింగితె చానామందికి గట్ల ఒళ్లంత పేలుతదని తర్వాత తెలిసింది. అప్పుడు ఎవరికి తెలుసు? మందులు ఆపంగనే దద్దు తగ్గింది, అవ్వ మొక్కు ఫలించిందనుకున్నది. ఆమె మొక్కును నేను కాదనలేకపోయిన.

దద్దు పోయినా వాడు లేవలే. ఇదే నాకు ఎక్కువ కోపం తెప్పించిన ముచ్చట. జరం లేదు, గొంతు జర నయమే, అయినా పొద్దంత మంచంల పడి ఉండెటోడు. చెంబు నీళ్లు తెచ్చుకోను పోతె గోడ పట్టుకుని నిలబడెటోడు. పుస్తకం తీసిండంటె పావుగంటకు మీద పెట్టుకుని పండెటోడు. నేను రెండు డ్యూటీలు చేసి ఇంటికి వచ్చి వాన్ని గట్ల చూస్తె దిమాక్ ఖరాబ్ అయ్యేది. ఓ దినం మంచం కోడును కాలితోని తన్నిన. చెరుకు నరకాల్సొస్తదని దొంగనిద్ర పోతున్నవా, పరీక్షలకు నీ తాత రాస్తడా అన్న. వాడు కండ్లు తెరిచి, "అన్నా, నా ఒంట్ల ఎవరో బొక్కలల్ల నీళ్లు పోసినట్టున్నది" అన్నడు. నేను నమ్మలే. ఆ మాట నమ్మనందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంట.

ఓనాడు తానం పోసేటప్పుడు అవ్వ చెయ్యి వాని ఎడమపక్క పక్కటెముకల కింద ఆగింది. లోపట గట్టిగ ఏదో తగిలిందట. బల్ల పెరిగింది అన్నది. మా దిక్కు కడుపుల గట్టిగ పెరిగే దానికి బల్ల అంటరు. పక్క ఊర్ల ఒక ముసలాయన బల్ల తోముతడు, నూనె పెట్టి బొటనవేళ్లతోని పిసికి పిసికి కరిగిస్తడు, దానికీ లొంగకపోతె ఇనుప కడ్డీ కాల్చి వాత పెడతడు. అవ్వ రేపే తీస్కపోత అన్నది. నేను అడ్డం పడ్డ. డాక్టరు చూడనిదే ఎవడూ వాని కడుపు ముట్టొద్దన్న. పెద్ద తెలివితోని అన్న మాట కాదది, వాతలంటె నాకు చిన్నప్పటిసంది భయం, అందుకే అన్న. గా భయమే ఆ దినం వాన్ని కాపాడింది.

మరుసటి దినం డ్యూటీకి సెలవు పెట్టి, వాన్ని బస్సుల నిజామాబాద్ తీస్కపోయిన. బస్టాండుకు దగ్గర్ల ఒక డాక్టరమ్మ ఉండేది. తెల్లజుట్టు, మెడల సన్నటి సిలువ, మెల్లగ మాట్లాడేది, కానీ చెప్పిన మాట వినకపోతె మొఖం మీదనే తలుపు పెట్టేది. వాని గొంతు చూసింది, మెడ తడిమింది, చంకల తడిమింది, ఎల్లెలకల పండబెట్టి ఎడమ పక్కటెముకల కింద వేళ్ల కొసలతోని పూలు ముట్టినట్టు ముట్టింది. రక్తం తీయించి, గాజు బిళ్ల మీద పూసి, తనే మైక్రోస్కోపుల కన్ను పెట్టి చూసింది. నన్ను గూడ చూడమన్నది. ఏదో ఊదారంగు చుక్కలు. నాకేమర్థమైతది? ఈ తెల్లకణాలు మామూలుగ ఉండాల్సినట్టు లేవు, ఉబ్బి, వంకరలు పోయినయి, పోట్లాడుతున్నయి అన్నది.

అప్పుడు ఆమె కుర్చీ నా దిక్కు జరుపుకుని నెమ్మదిగ చెప్పింది. ఇది ఉమ్మిల ఉండే పురుగుతోని వస్తది. కంటికి కనిపించని వైరస్. ఒకడు తాగిన గ్లాసుల ఇంకొకడు తాగినా, ఒకడు కొరికింది ఇంకొకడు కొరికినా చాలు. ఒంట్లకు చేరినంక నెల, నెలన్నర దాంక చప్పుడు చెయ్యది. నాకు వెంటనే యాదికొచ్చింది. క్రషింగ్ మొదలైనంక కాలేజీ పొరగాండ్లు రోడ్డు మీద పోయే ట్రాక్టర్ల ఎనుక ఉరికి చెరుకు గడలు గుంజుతరు, ఒక్క గడను నలుగురు తలో కొరుకు కొరుకుతరు. వాళ్ల జమాతుల మా వాడు ముందటోడు. మా దిక్కు ఎవడన్న చెరుకు గడ కడిగి తిన్నోడున్నడా, ఎంగిలి అని వద్దన్నోడున్నడా? నేను గూడ గట్లనే పెరిగిన.

ఆ వైరస్‌ను పట్టేటందుకు తెల్లకణాలు గుంపులు గుంపులుగ పుడతయట. అవి ఉండే అడ్డాలు గొంతు, మెడ బిళ్లలు, చంకలు, ఇంకా కడుపుల ఎడమ దిక్కున ప్లీహం. అందుకే అవన్ని వాస్తయి. కాలేయం గూడ జర వాస్తది, అందుకే అన్నం సయించది. పోట్లాటకే ఒంట్ల బలమంత పోతది, అందుకే మనిషి లేవలేడు, ఇది సోమరితనం కాదు, నెలల తరబడి ఉండొచ్చు అన్నది. నేను తల వంచుకున్న. మంచం కోడు తన్నింది యాదికొచ్చింది. దీనికి క్యాప్సూళ్లు పనిచెయ్యవు, సూదులు పనిచెయ్యవు, నీళ్లు, తిండి, నిద్ర, గంతే. వైరస్ ఒంట్లనే ఉండిపోతది కానీ ఇగ ఏం చెయ్యది అన్నది.

ఆఖర్ల ఒక మాట అన్నది, అది ఇప్పటికీ చెవుల ఉన్నది. "ప్లీహం మామూలుగ పక్కటెముకల లోపటనే ఉంటది, చేతికి అందదు. ఇప్పుడు రెండంతలైంది, పైన పొర మాగిన టమాట తొక్క లెక్క ఉన్నది. కడుపు మీద ఒక్క దెబ్బ తగిలితె పలుగుతది. పలిగితె లోపట్నే రక్తం కారుతది, బయటికి చుక్క కనబడదు. నేను నయమైందని చెప్పేదాంక ఒక్క దెబ్బ గూడ తగలొద్దు." ఒకవేళ తగిలితె ఏం చూడాల్నని అడిగిన. కడుపు నొస్తది, ఎడమ భుజం నొస్తది, మనిషి తెల్లగ పాలిపోతడు, అట్లైతె ఒక్క నిమిషం ఆగకుండ తీస్కరా అన్నది.

బయటికి వచ్చి ఫీజు కడుతుంటె అక్కడి కంపౌండరు ఊకుంటడా? విదేశాలల్ల దీన్ని ముద్దు జబ్బు అంటరట, ముద్దులు పెట్టుకుంటె వస్తదట అని పండ్లు ఇకిలించిండు. మా ఊరాయన ఒకడు పక్క బెంచీ మీద షుగరు పరీక్షకు కూసున్నడు. ఇగ చూడు. మేము ఇంటికి చేరకముందే ఊర్లకు వార్త చేరింది. ఎవతిని ముద్దు పెట్టుకున్నడట అని చాయ్ హోటల్ కాడ నవ్వులు. వాడు బయటికి రావాలంటెనే సిగ్గుతోని సచ్చిపోయెటోడు. నేను ఒగనితోని కొట్లాడిన, ఇంకొగని సైకిల్ కింద పడేసిన. కొట్లాడితె నవ్వులు ఇంకింత పెరిగినయి.

ఇప్పుడు హోళీ సంగతి చెప్పాలె, లేకపోతె నా పరేషాన్ అర్థం కాదు. మా ఊర్ల హోళీ అంటె రంగులు పొద్దుటి పూటకే. పొద్దు గూకేటప్పుడు పిడిగుద్దులాట. ఊరి నడుమ రెండు కట్టెలు పాతి అడ్డంగ లావు మోకు కడతరు. ఊరు తూర్పు, పడమర రెండు దిక్కులైతది, మాది తూర్పు దిక్కు. ఒక చేత్తోని మోకు పట్టుకుని ఇంకో చేత్తోని అవతలోన్ని గుద్దుడే. ఛాతి, కడుపు, మొఖం, ఎక్కడ దొరికితె అక్కడ. డప్పులు ఆగంగనే గుద్దులు ఆగుతయి, గుద్దుకున్నోళ్లే అలుముకుంటరు. ముందటి రాత్రి కాల్చిన కాముని బూడిద దెబ్బల మీద రుద్దుకుంటె అన్ని మానుతయని నమ్మకం. ఒక ఏడు ఆట ఆపితె ఊరికి కీడు జరుగుతదంటరు. నేను పందొమ్మిదో ఏటికెల్లి మోకు పడుతున్న. ఎక్కడ గుద్దితె మనిషి వంగుతడో బాపే నేర్పిండు.

తమ్ముడు మోకు పట్టాల్సిన మొదటి ఏడు అదే. మీసం వచ్చినోడు నిలబడాలె, అది మా ఇంటి ఇజ్జత్. బాపు పోయిన హోళీ నాడే అందరికి చెప్పుకున్నడు, వచ్చే ఏడు నేను, నా ఇద్దరు కొడుకులు అని. నేను డాక్టరమ్మ చెప్పిందంత చెప్పిన. టమాట తొక్క అని గూడ చెప్పిన. బాపు బీడీ ఆర్పి, గొంతుల రోగానికి కడుపు మీద దెబ్బ తగలొద్దనుడేందిర అన్నడు. నేను మళ్ల మొదటికెల్లి చెప్పిన. బాపు మళ్ల అదే అన్నడు. చెప్పి చెప్పి నా నోరు నొప్పి పెట్టింది. కడుపుల దెబ్బలకే కదా కాముని బూడిద ఉన్నది అన్నడు ఆఖరుకు. ఊరి పెద్దమనుషుల కాడికి పోయిన, వాళ్లూ అదే బూడిద మాట. బయట కనబడే దెబ్బకు బూడిద, లోపట పలిగే దానికి ఏం పూస్తరు అని అడిగిన. ఒగాయన నవ్వి, ఫ్యాక్టరీ కాంటా కాడ డాక్టరీ గూడ నేర్పుతున్నరా అన్నడు.

హోళీ వారం దినాలు ఉన్నదనంగ మళ్ల నిజామాబాద్ తీస్కపోయిన. డాక్టరమ్మ ముట్టి చూసి, తగ్గుతున్నది కానీ ఇంకా రెండు వేళ్లు అందుతున్నది, ఇంకో నెల అన్నది. ఇంకో నెల! నేను బస్సుల దారి పొడుగూత కిటికీల బయటికి చూసుకుంట తిట్టుకున్న. ఎవరిని తిడుతున్ననో నాకే తెల్వది. బస్సు దిగినంక వాడు నెమ్మదిగ అన్నడు, అన్నా, నేను మోకు పట్టకపోతె ఊర్ల మొఖం ఎత్తుకుని తిరగరాదు, ముద్దుల రోగపోడు ముసుగు తన్ని పండిండంటరు, ఇప్పటికే అంటున్నరు. అంటె అననియ్యి అన్న. నీకేం పోయింది, నిన్నెవడు అనలే అన్నడు. వాడు అన్నది నిజమే.

హోళీ నాడు పొద్దుటికెల్లి నేను ఇల్లు కదల్లే. కాంటా కాడికి పోలే, రంగులాడలే. గడపల పీట వేసుకుని కావలి కుక్క లెక్క కూసున్న. నేను మోకు కాడికి రానని ముందే చెప్పిన, ఇద్దరు కొడుకులున్నా ఒక్కన్నే పోవాల్నా అని బాపు మొఖం మాడ్చుకుని పోయిండు. పొద్దు వాలంగ అవ్వ గూడ ఆడోళ్లతోని కలిసి చూడవోయింది. ఇంట్ల మేమిద్దరమే. దూరంగ డప్పులు మొదలైనయి. వాడు లోపటికెల్లి వచ్చిండు. బనీను మీద తువ్వాల బిగించి కట్టిండు, కడుపుకు.

ఎటు అన్న. జరుగు అన్నడు. కూసో అన్న. కడుపుకు నాలుగు మడతల తువ్వాల కట్టుకున్న, ఏం కాదు, ఒక్కసారి మోకు ముట్టి వస్త అన్నడు. తువ్వాల ఏం ఆపుతదిర సన్నాసీ అన్న. వాడు నన్ను దాటను చూసిండు, నేను చెయ్యి అడ్డం పెట్టిన. అప్పుడు వాడు ఒక మాట అన్నడు. "నీకు నా పానం మీద ప్రేమ కాదే. నీ మాట చెల్లాలె, గంతే. బాపు ముందు, ఊరి ముందు నువ్వే తెలివైనోనివి కావాలె." రెండు నెలలు బస్సులు, డ్యూటీలు, కొట్లాటలు, చెవిల ఏసుకోని బాపు, నవ్విన ఊరు, అంత ఒక్కసారి నా నెత్తికెక్కింది. వాడు నన్ను నూకిండు. నేను గుద్దిన.

ఒక్కటే గుద్దు. చూసి గుద్దలే, కానీ చెయ్యికి అలవాటున్నది. ఎడమపక్క, పక్కటెముకల కింద. బాపు నేర్పిన జాగ.

వాడు అరవలే. గోడకు ఆనుకుని మెల్లగ కింద కూసున్నడు. మేమిద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. నా చెయ్యి ఇంకా పిడికిలి పట్టే ఉన్నది. నొచ్చిందా అన్న. లేదు అన్నడు. నీళ్లు తెచ్చిచ్చిన, తాగిండు. చాప పరిచి పండబెట్టిన. ఏం కాలేదేమో, మెల్లగనే తగిలిందేమో అని నాకు నేను చెప్పుకున్న. డప్పులు ఆగినయి. ఇన్ని దినాలు ఊరందరికి ఒక్క నిమిషం గూడ ఆగొద్దని చెప్పినోన్ని నేను. ఆ వాకిట్ల మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డ. సిగ్గు, భయం, ఇంకేమన్ననో. ఉరకాల్సిన టైముల ఉరకలే.

అవ్వకంటె ముందు బాపు వచ్చిండు, మూతి పలిగి, కన్ను వాచి, దోసిట్ల బూడిదతోని. పండుకున్న తమ్మున్ని, కడుపుకు కట్టిన తువ్వాలను చూసి ఆగిండు. ఏమైందిర అన్నడు. నేను నోరు తెరిచిన. నాకంటె ముందు వాడే అన్నడు, "నేను గూడ వచ్చిన బాపు. మన దిక్కు సందు లేకుండె, పడమటోళ్ల దిక్కుకెల్లి దూరిన. జర తగిలింది." మసక చీకట్ల, రంగు పూసుకున్న మొఖాలల్ల, నాలుగైదు వందల మందిల ఎవడున్నడో ఎవడు లేడో ఎవనికి తెలుస్తది? బాపు మొఖం ఎలిగిపోయింది. నా కొడుకు అని వాని పక్కన కూసుని, తువ్వాల విప్పి, కడుపుకు బూడిద రుద్దను పోయిండు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఇవతలికి గుంజిన. రుద్దొద్దు అని మాత్రం అన్న.

జర సేపటికి తమ్ముడు, అన్నా, భుజం గుంజుతున్నది అన్నడు. ఎడమ భుజం. పెదవులు తెల్లగైనయి. నుదుటి మీద చెయ్యి పెడితె చల్లటి చెమట. అప్పుడు గానీ నాకు కాళ్లు రాలే. సవారీలను దించి వచ్చిన జీపొకటి చౌరస్తాల ఉంటె డ్రైవరు కాల్మొక్కిన. దారిల రెండు చోట్ల పొరగాండ్లు రంగు పైసలు అడుగుకుంట జీపుకు అడ్డం నిలబడ్డరు. నేను దిగి ఏం తిట్టిన్నో నాకు యాది లేదు. బాపు ముందట డ్రైవరు పక్కన కూసున్నడు, ఎనుక సీట్ల వాడు నా ఒడిల తల పెట్టి పండిండు. ఒక్కసారి నా చెయ్యి పట్టుకుని మెల్లగ, నేను చెప్పిందే చెప్పు, నువ్వని తెలిస్తె అవ్వ బతకదు అన్నడు.

పెద్ద దవాఖానల ఆపరేషన్ చేసి ప్లీహం తీసేసిండ్రు. నా రక్తం కలిసింది, ఇచ్చిన. పొద్దున డాక్టరమ్మ వచ్చి వరండాల నిలబడి బాపును కడిగి పెట్టింది. ఆటకు ఎందుకు పోనిచ్చినవు, నేను చెప్పింది నీ చెవుల పడలేదా అన్నది. బాపు వాచిన కన్నుతోని నేల చూసుకుంట నిలబడ్డడు. ఆమె నా భుజం మీద చెయ్యి ఏసి, ఈ ఇంట్ల నా మాట అర్థం చేసుకున్నది నువ్వొక్కనివే అన్నది. నేను ఆ చెయ్యి కిందికెల్లి జరిగి తమ్ముని మంచం కాడికి పోయిన.

వాడు బతికిండు. ప్లీహం లేనోడు జరమొస్తె ఇంట్ల కూసోవద్దు, ఎంటనే దవాఖానకు ఉరకాలె అని చెప్పిండ్రు, ఇప్పటికీ గట్లనే ఉరుకుతడు. ఒంట్ల బలం రాను వానకాలం దాంక పట్టింది. ఆ ఏడు పరీక్షలు పోయినయి, తర్వాత రాసిండు, నౌకరి చేసిండు, ఇద్దరు బిడ్డల తండ్రి. మేమిద్దరం ఆ గుద్దు గురించి ఎన్నడు మాట్లాడుకోలే. ఒకటి రెండు సార్లు నేను మొదలు పెట్టబోయిన. వాడు లేచి వేరే పనికి పోయిండు.

మరుసటి హోళీ నాడు డప్పులు మొదలైనా బాపు లేవలే. గడప అవతల మంచంల కూసుని బీడీ కాలుస్తున్నడు. మనుషులొచ్చి పిలిచిండ్రు, మోకాలు నొస్తున్నదన్నడు. నలభై ఏండ్లసంది ఒక్క ఏడు తప్పనోడు. తమ్ముడు లోపట ఏదో పని మీద ఉన్నడు. నేను బాపు పక్కన కూసున్న. డప్పుల చప్పుడు ఎక్కువైనంక బాపు నా దిక్కు చూడకుండనే అన్నడు.

"పోయినేడు పడమటోళ్లల్ల ఒగన్ని పక్కల గుద్దిన. సన్నగున్నడు. రంగుల మొఖం సూడలే. వంగిండు, ఎనుకకు పోయిండు." బీడీ ఆరిపోయింది, మళ్ల అంటించలే. "మన పొరడేనేమో బిడ్డా."

కాదు బాపు అన్న.

"నీకెట్ల తెలుసు?" అన్నడు. మొదటిసారి నా మొఖంలకు చూసిండు. నిజంగ తెలుసుకుందమనే అడిగిండు, దేవున్ని అడిగినట్టు అడిగిండు. లోపటికెల్లి తమ్ముడు వచ్చి గడపల నిలబడి నన్నే చూస్తున్నడు.

"తెల్వది బాపు," అన్న. "ఊకెనే అన్న."